తెరుచుకోని అద్దం

మిన్నెసోటాలో సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఇంటికి కొత్త కిటికీలు బిగించడానికి వచ్చిన మేస్త్రి, పెరటి వైపు అద్దాల తలుపు దగ్గర టేపు పట్టుకుని ఆగాడు.

“ఇక్కడ మళ్లీ జారుడు తలుపే కదమ్మా?”

“వద్దు బాబూ. తెరుచుకోని అద్దం బిగించెయ్,” అంది ఆ ఇంటి పెద్దావిడ.

“సరస్సు ముందు తలుపు లేకుండానా? దొంగల భయమైతే గట్టి గడియ పెడతాను.”

“భయం బయటివాళ్లతో కాదు. పోయిన చలికాలం మా ఆయన ఆర్విడ్ ఈ తలుపు తీసుకుని, గడ్డకట్టిన సరస్సు మీద చెప్పుల్లేకుండా సగం దూరం పోయాడు. మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టుకునేవాళ్లు చూడబట్టి దక్కాడు.”

“గడియ పైన, కనబడకుండా పెడితే?”

“నలభై ఏళ్లు నీ పనే చేశాడు. నన్ను మరిచిపోయాడు గానీ గడియల్ని మరిచిపోలేదు.”

మేస్త్రి పాత తలుపు ఊడదీసి, కొత్త అద్దం నిలబెట్టి, చట్రం సందులో దూర్చే చెక్కపేడు కోసం వెనక సంచి వైపు చెయ్యి చాపాడు. పేడు తనంతట తానే చేతిలోకి వచ్చినట్టయింది. తిరిగి చూస్తే ముసలాయన.

“ఎడమ పక్క ఇంకోటి కొట్టు,” అన్నాడు ఆర్విడ్ గొంతు తగ్గించి. “వదులుగా ఉంటే ఆ ఇల్లుగలావిడతో మాట పడాలి.”