మింగుడు పడని మాట

1965 ఎండాకాలం. బిట్రగుంట రైల్వే కాలనీ వెనక వరసలో జైతూన్‌బీ ఇల్లు. డ్రైవర్లూ గార్డులూ బస చేసే రన్నింగ్ రూములో ఆమె భర్త హుస్సేన్ సాహెబ్ వంట చేసేవాడు. ఆ వంటకు ఇసకపల్లి పాలెం నుంచి చేపలు తెచ్చిచ్చేవాడు చిన్నపోలయ్య. తరవాత పులికాట్ వైపు వలపనికి వెళ్ళిపోయి, నాలుగేళ్ళకు, కిందటి నెలలోనే తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం గడప దాటి లోపలికొచ్చిన మనిషికి జైతూన్‌బీ ఇంకేమీ అడక్కుండా అన్నం పెట్టింది. చిన్నపోలయ్య పళ్ళెం వైపు భయంగా చూశాడు.

“తిను పోలయ్యా.”

“తింటా ఉండాగా. బాగుందక్కా.”

“ఏం బాగుంది? ఇంకా ముద్దే కలపలేదు.”

“వాసన బాగుందంటున్నా.”

“వాసనకే కడుపు నిండేదయితే రైల్వేవాళ్ళకు వంటమనిషెందుకు? తిను.”

“హుస్సేనన్న డ్యూటీకి పోయినాడా?”

“ముందు తినమంటుంటే! అదేంది, ముద్ద నోట్లో పెట్టకముందే చెంబు ఖాళీ చేసినావు?”

“ఎండన పడి వచ్చినా గదా, దప్పిక.”

“ఇంకో చెంబు తెస్తా. ఈ ముద్దకు రెండు చెంబులు. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి మా బావి ఎండిపోతుందేమో.”

“నీ ఎగతాళి మాత్రం పోలేదక్కా.”

“నా ఎగతాళి యాడికి పోద్ది? నీ ఒళ్ళే యాడికో పోయింది. ఆ చొక్కా ఎవురిది?”

“నాదే.”

“నీదా? నీ అన్నది తొడుక్కొచ్చినావేమో అనుకున్నా. సరే, ఆ ముద్ద మింగు. నేను చూస్తుంటా.”

“నువ్వు చూస్తుంటే ఎట్టా మింగేది?”

“చూడకపోతే పిల్లికి వేస్తావు. మింగు.”

“మింగినాలే.”

“ఆగిందా?”

“ఆగలా.”

“కళ్ళల్లో నీళ్ళొస్తా ఉండాయి, ఆగలేదంట! యాడ ఆగింది? చెయ్యి పెట్టి చూపించు.”

“ఇక్కడ. రొమ్ము నడిమధ్యన. ముల్లు అక్కా, అంతే. వంజరం ముల్లు దిగబడింది.”

“వంజరానికి గొంతులో దిగబడే ముల్లు యాడుంది? పుట్టినకాడి నుంచి చేపలు తింటా ఉండావు, ఇప్పుడొచ్చి ముల్లు మింగినావా?”

“వయసు అయింది గదా.”

“నలభై ఐదు. మొన్ననే తాతవయినావని విన్నా. ముల్లయితే ఏం చేసినావు?”

“అన్నం ఉండ చేసి మింగినా. అరటిపండు మింగినా. ఇంకా పైనే ఉన్నట్టుంటే నెల్లూరు పోయినా. సంజీవరావు డాక్టరు సుద్దనీళ్ళ మాదిరి ఏదో తాగించి ఫోటో తీసినాడు. మద్రాసు పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చినాడు.”

“ఆ చీటీ యాడుంది?”

“పంచె మడతలో. ఏం, నీకు చదవనొస్తుందా?”

“చదవను రాదు. కానీ ఇట్టాంటి చీటీ మా ఇంట్లోనూ ఒకటుండాది. ఆ ఫిలిం నీకు చూపించినాడా?”

“చూపించినాడు. తెల్లగా ఒక గీత పైనుంచి లావుగా వస్తా ఉంది. మధ్యలో ఎలుక తోక మాదిరి సన్నమయిపోయింది. ఇదేంది సామీ అంటే, మద్రాసులో చెప్తారులే అన్నాడు.”

“ఆ గీత నువ్వు మింగిన సుద్దనీళ్ళు. అన్నం దిగే గొట్టంలోంచి పోతా ఉన్నాయి. సన్నమయిన కాడ లోపల పుండు లేచింది. అది దారి మూసేస్తా ఉండాది.”

“మా ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసకేసి పూడినట్టా?”

“అట్టాగే అనుకో.”

“మొగ పూడితే పాలెమంతా పారలు పట్టుకొని పోయి తవ్వుకుంటామే.”

“దీన్నీ తవ్వేవాళ్ళు ఉండారు. పారలు మాత్రం తీసుకురారులే, భయపడబాకు.”

“దాని పేరేంది అక్కా?”

“పేరుతో ఏం పని నీకు? పెళ్ళిసంబంధమా?”

“చెప్పక్కా. ఆ డాక్టరు దగ్గరుండే మాలకొండయ్య కంపౌండరు చెప్పీ చెప్పక ఒక మాటన్నాడు. ‘బిట్రగుంట హుస్సేన్ సాహెబుకు వచ్చిందే నీకూ వచ్చింది, వాళ్ళింటికి పోయి అడుగు’ అని. అందుకే గదా వచ్చినా.”

“అందుకా! నేను మా మీద పాశంతో వచ్చినావనుకుంటి.”

“పాశం గూడా ఉండాది. పేరు చెప్పు.”

“రాచపుండు. డాక్టర్లు కేన్సరంటారు.”

“నే పోయొస్తానక్కా.”

“యాడికి లేస్తావు? కూచో.”

“పొద్దుపోతా ఉంది. వల బాగు చెయ్యాల.”

“వల యాడికీ పోదు. తుఫానులో తెప్ప తిప్పుకొచ్చినోడివి, మాటకు భయపడి పారిపోతావా?”

“తుఫాను కంటికి కనపడతది గదక్కా.”

“దీన్నీ ఫిలింలో చూసినావు గదా. ఇంకేం కనపడాలంట?”

“హుస్సేనన్నను పిలువు. ఆయన నోటితో వింటా. ఆయన్ని కళ్ళారా చూస్తే నాకు ధైర్యం.”

“ఆయనేమన్నా సినిమా యాక్టరా, చూసి పోయేదానికి? నేను చెప్తే చాలదా? ఆసుపత్రిలో ఆయన నిద్రపోయినా నేను మేలుకొనే ఉన్నా. నాకే జాస్తి తెలుసు.”

“సరే, చెప్పు.”

“నీ మాదిరే. బక్రీదు పండగనాడు రొట్టె ముక్క ఆగింది. వాయువన్నాడు. జీలకర్ర నీళ్ళు తాగినాడు. నెల తిరిగేసరికి రొట్టె మానేసినాడు. ‘అన్నం ఒంటికి మంచిది’ అన్నాడు. ఇంకో రెండు నెలలకు అన్నం మెత్తగా వండమన్నాడు. ‘పళ్ళు కదులుతున్నాయి’ అన్నాడు. ఆపైన గంజి. దానికేం సాకు చెప్పినాడో తెలుసా? ‘గంజి తాగితే రంగు తేలతారంట’ అన్నాడు!”

“హుస్సేనన్నా? రంగు తేలడమా?”

“బొగ్గుల పొయ్యి ముందర ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి! నేను నమ్మినా చూడు, నాదీ తెలివి.”

“నీకెట్టా తెలిసింది మరి?”

“మా పిల్లి లావెక్కింది. మనిషి సన్నబడ్డాడు, పిల్లి లావెక్కింది. ఒకనాడు తలుపు చాటున నిలబడి చూసినా. పళ్ళెంలో కూర అంతా దానికి పెట్టి, ‘తిను తల్లీ, నీకన్నా దిగతా ఉంది’ అంటా ఉండాడు.”

“ఎందుకు దాచినాడక్కా?”

“నువ్వెందుకు ముల్లంటున్నావు? వంట చేసేవాడికి మింగుడు పడకపోతే పొయ్యి దగ్గరి నుంచి లేపేస్తారని ఆయన భయం. రుచి చూసి బయట ఊసేసేవాడంట. డ్రైవర్లకు తెలియకుండా అయిదు నెలలు అట్టా నెట్టుకొచ్చినాడు.”

“మద్రాసులో ఏం చేస్తారు? అది చెప్పు.”

“దీపం ఉన్న గొట్టం ఒకటి గొంతులోంచి దించి, పుండు చూసి, గింజంత ముక్క తీస్తారు.”

“అబ్బా!”

“అప్పుడే అరవబాకు, ఇంకా మద్రాసు చేరలేదు. ఆ తరవాత ఆయనకు పొట్టకు చిన్న బెజ్జం పెట్టి రబ్బరు గొట్టం అమర్చినారు. దాంట్లోంచే గంజి పోసేది. నోటితో పని లేదు.”

“నోటితో పనిలేకుండా తిండా!”

“నోరు ఊరకుంటుందా? గొట్టంలో పోసే గంజికి పోపు పెట్టమన్నాడు. ‘రుచి తెలియదు గదా’ అంటే, ‘వాసన తెలుస్తది, నా కడుపుకు ఒక మర్యాద ఉండాది’ అన్నాడు. నర్సమ్మ ఎస్తేరమ్మని ఉండేది. ఆమె పడీ పడీ నవ్వింది.”

“పోపు పెట్టినావా?”

“ఆసుపత్రిలో పోపా! ఇంగువ పొట్లం తెచ్చి ముక్కు దగ్గర పెట్టినా. దాంతోనే సరిపెట్టుకున్నాడు.”

“అన్న అన్నే. తరవాత?”

“కరెంటు పెట్టినారు. ఇరవై అయిదు రోజులు. మంట ఉండదు, నొప్పి ఉండదు, పెద్ద మిషను కింద పడుకోబెట్టడమే. రొమ్ము మీద తోలు నల్లబడింది. నీరసం. వాంతులు. ఇట్టా ఉంటే నేను చస్తానని రోజూ నాతో పోట్లాడేవాడు. పోట్లాడే ఓపిక ఉంది గదా అని నేను సంతోషపడేదాన్ని.”

“ఆమైన?”

“ఆమైన ఒక పొద్దున ఎస్తేరమ్మ చెంచాతో మెత్తటి అన్నం పెట్టింది. నోట్లో పెట్టుకొని కదలడు మెదలడు. ‘మింగు సాయిబూ’ అంటే తల ఊపుతాడు, మింగడు. భయం. నేనన్నా, ‘మింగకపోతే పక్క మంచం ఆయనకు పెడతా’ అని. గుటుక్కున మింగినాడు.”

“దిగిందా?”

“దిగింది.”

“నిజంగా దిగిందా అక్కా?”

“దిగింది పోలయ్యా. దిగినాక ఏడ్చినాడు. వార్డులో అందర్నీ పేరుపేరునా పిలిచి, ‘దిగింది, దిగింది’ అని చెప్పినాడు. పెళ్ళినాడు గూడా అంత సంతోషం నేను చూడలా.”

“మళ్ళీ రన్నింగ్ రూముకు పోయినాడా?”

“పోయినాడు. పొయ్యి ముందర నిలబడి రొయ్యల కూర చేసినాడు. అందరికీ వడ్డించి, తనూ తిన్నాడు.”

“హమ్మయ్య! ఇంత చల్లని మాట ముందే చెప్పకూడదా? అయితే నాకూ ఆ కరెంటు పెడితే చాలు. కొయ్యాల్సిన పన్లేదు గదా?”

“నీకు కోస్తామంటే పండగ చేసుకో.”

“ఏందక్కా! కోస్తే పండగేంది?”

“పుండు చిన్నదిగా ఉన్నవాళ్ళనే కోసేది. చెడిన కాడికి కోసి తీసేసి, పైదీ కిందదీ కలిపి కుట్టేస్తారంట. పెద్ద కోత, ప్రమాదం లేదని నేననను. కానీ ముదిరిపోయినవాళ్ళను కోతకు ముట్టుకోరు.”

“మరి అన్నను కోసినారా?”

“నీకు ఎన్నాళ్ళయింది?”

“అన్నను కోసినారా అంటుంటే?”

“నీకు ఎన్నాళ్ళయింది అంటుంటే? ఆడ పెద్దడాక్టరు మొట్టమొదట అడిగేది అదే. సరిగ్గా చెప్పు.”

“ఏదో, నాలుగు రోజులు.”

“నాలుగు రోజుల్లో చొక్కా అంత వదులయిందా?”

“పది.”

“బేరమా ఇది? సరిగ్గా చెప్పు.”

“పోయిన పున్నమినాడు. వల లాగి వచ్చి సంగటి తింటుంటే పట్టేసింది.”

“పున్నమి పోయింది, అమావాస్య పోయింది, ఆపైన అయిదు రోజులు. ఇరవై రోజులు. అంతేనా? ఒట్టు?”

“సముద్రం మీద ఒట్టు.”

“ఇరవై రోజులే! అట్టా చెప్పు. నీ పెళ్ళాం పేరమ్మకు తెలుసా?”

“తెలియదు. మా కూతురు పురుడు పోసుకొని తొమ్మిది రోజులు గదా, పేరమ్మను ఎందుకు భయపెట్టాలని…”

“మీ మగోళ్ళందరూ ఒకే బళ్ళో చదివినారా? ఇంటికి పోగానే నీ పెళ్ళానికి చెప్పు. తిడితే తిట్టించుకో. ఏడిస్తే పక్కన కూచో. సోమవారం పొద్దున ప్యాసింజరుకు చీటీ తీసుకొని స్టేషనుకు రా.”

“పోతే బతుకుతానా అక్కా?”

“నేనేమన్నా డాక్టరునా? పోతే ఏమవుతుందో నాకు తెలియదు. పోకుండా కూచుంటే ఏమవుతుందో తెలుసు. ఏంది, ఇంకా ఆ ముద్ద పట్టుకొనే కూచున్నావా? ఇటియ్యి. చారు పోసి జావ మాదిరి పిసికిస్తా. మెల్లగా తాగు.”

సోమవారం పొద్దున, బిట్రగుంట స్టేషను. మద్రాసు ప్యాసింజరు వచ్చి నిలబడింది. చిన్నపోలయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. జైతూన్‌బీ అతని మూట పెట్టెలోకి అందించి, వెనకే తనూ ఎక్కింది.

“పేరమ్మకు చెప్పినావా?”

“చెప్పినా. తిట్టింది.”

“గట్టిగానేనా?”

“పాలెమంతా వినపడింది. ఆమైన నేను ఏడ్చినా, అది ఏడవలా. బాలింతను వదిలి రాలేను, జైతూన్‌బక్క మాట జవదాటబాక అని చెప్పి పంపించింది.”

“తెలివైన పిల్ల. నిన్నెట్టా చేసుకుందో. ఇదో, ఈ బుడ్డిలో జావ ఉండాది. గూడూరు దాటినాక తాగు. వేడిగా తాగబాకు.”

“సరేలే. అక్కా, మూడు రాత్రులుగా అన్న సంగతే తలుచుకుంటా ఉండా. ‘దిగింది, దిగింది’ అన్నాడన్నావే, ఆ మాట. నేనూ ఆ వార్డులో అందర్నీ పిలిచి చెప్తా చూడు.”

“చెప్దువులే. నిద్రపోయేవాళ్ళను మాత్రం లేపబాక.”

“గంట కొట్టినారు. దిగక్కా.”

“కొట్టనీ.”

“గార్డు జెండా ఊపతా ఉండాడు. దిగు.”

“మా గార్డులే గదా, నాకు తెలియని జెండానా?”

“అక్కా, బండి కదిలింది! ఏంది, నువ్వూ వస్తావా?”

“మరి? ఆ పెద్దాసుపత్రిలో ఏ గది యాడుందో నీకేం తెలుసు?”

“అయ్యో, నాకోసం నువ్వు ఇల్లు వదిలి వస్తే అన్నకు అన్నం ఎవురు పెడతారు?”

“ముందు ఆ బుడ్డి ఒలకకుండా పట్టుకో.”

“అక్కా? అన్నకు చెప్పే వచ్చినావా?”

“మీ అన్న పోయి మూడేళ్ళయింది పోలయ్యా.”

“పోయి… మొన్న చెప్పలేదే?”

“చెప్పుంటే ఈ బండి ఎక్కేవాడివా?”

“మరి ఆ ముద్ద దిగింది, కూర చేసినాడు, అదంతా?”

“అదంతా నిజం. ఆరు నెలలు తిన్నాడు. అయిదు నెలలు దాచకుండా నీ మాదిరి ఇరవై రోజులకే చెప్పుంటే, ఈపొద్దు నిన్ను తీసుకొనిపోయేదానికి నీ పక్కన ఆయనే కూచోనుండును. జరుగు, నన్ను కూచోనీ.”