4212 గంటలు

కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి ఎక్స్‌కవేటర్‌కు లాప్‌టాప్ తగిలించి చదువుతోంది. ముసలి మెకానిక్ శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

“ఇంజన్ ఒక్కసారీ వేడెక్కలేదు బాబాయ్. వేడెక్కిందని సెన్సర్ వైరు తప్పుడు లెక్క పంపింది. అందుకే బండి ఆగిపోయేది.”

“ఆపరేటర్ అడ్డదిడ్డంగా తోలలేదా?”

“తోలితే ఇందులో తెలిసిపోయేది. పద్ధతిగానే నడిపాడు.”

“వైరు ఎప్పుడు పాడైంది?”

“బండి నడిచిన గంటల మీటరు 4212 దగ్గర ఉన్నప్పుడు. ఫిల్టర్ మార్చిన రోజున దాని మీద పెయింటుతో రాసిందీ 4212నే. అప్పుడు బిగించిన క్లాంపు కింద వైరు నలిగింది, చూడండి. ఎవరు బిగించారు?”

“ఆ అంకె నా చేతిరాతే.”

“పోనీలెండి, పది నిమిషాల పని.”

“నీకు పది నిమిషాలమ్మా. ఇంజన్ చల్లగానే ఉంది మామయ్యా అని వాడు మొత్తుకున్నాడు. ఈ షెడ్డులోనే నలుగురిలో అబద్ధాలకోరన్నాను. పనిలోంచి తీయించాను.”

“మామయ్యా అన్నాడా?”

“మా అల్లుడే. అప్పట్నుంచీ మా అమ్మాయి నా గడప తొక్కలేదు. వాడికి ఫోన్ చేస్తాను, నువ్వు అది చదివి వినిపించు తల్లీ.”

“అతని తప్పు లేదని ఇందులో ఉంది. మీరన్న మాట ఇందులో లేదు బాబాయ్. అది మీరే చెప్పుకోవాలి.”

అతను అందరూ పనిచేస్తున్న షెడ్డు మధ్యకు నడిచి, నంబరు కలిపి, స్పీకర్ నొక్కాడు.

“ఎవరండీ?” అన్నాడు అల్లుడు.