కాళిందిని వంటింట్లో పెట్టారు

సభాధ్యక్షులు నగరేశ్వరరావు గారికీ, మా నాటకాలు రాసే జగన్నాధం గారికీ, మిల్లులో పని దిగి నేరుగా వచ్చేసిన అన్నదమ్ములకీ, వెనక చాపల మీద సర్దుకుని కూర్చున్న అక్కచెల్లెళ్లకీ పద్మకుమారి నమస్కారాలు.

నాకు వీడ్కోలు సభ జరుగుతోందని మొన్న మా వీధిలోకొచ్చిన రిక్షా మైకులో విన్నాను. చేతిలో చేటతో గుమ్మంలోనే నిలబడిపోయాను. వేషాలు మానేస్తానని నేనెవరితోనూ అనలేదు.

ఇందాక మాట్లాడిన పెద్దలందరూ ఈ ఏటి నాటకంలో నేను అన్నం వడ్డించే సీనునే మెచ్చుకున్నారు. సంతోషం. కానీ కిందటేడు నాటకంలో శ్మశానంలో ఒంటరిగా నిలబడి, బ్రహ్మరాక్షసుణ్ణి మంత్రంతో కట్టి పడేసిన కాళింది పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఆ వేషమూ నాదే.

ఈ ఏడు ఆ కథకే రెండో భాగం అన్నారు. రిహార్సలు మొదటిరోజు జగన్నాధం గారు, "నీకు పెళ్లయిపోనాదమ్మా, నువ్వు పొయ్యి కాడుంటావు," అన్నారు. హాస్యమనుకుని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

"మరి నా మంత్రాలు ఏటవుతాయి, బాబూ?"

"సంసారం సేసుకున్న ఆడదానికి మంత్రాలేటమ్మా? రాచ్చసుణ్ణి నీ మొగుడు సూసుకుంటాడు."

సరేనని వేశాను. ఆమదాలవలసలో ఆడుతున్నాం. రాక్షసుడు నా మొగుడి పీక పట్టుకున్నాడు. నేను గడపలో నిలబడి ఏడవాలి, అంతే. ఏడుస్తున్నాను. ముందు వరసలోంచి కూర్మమ్మ అనే ఒకావిడ లేచింది.

"ఏటే అమ్మా, అలగేడుస్తన్నావు? నిరుడు ఆడ్ని కట్టింది నువ్వే గదేటి? మరిసిపోనావా?"

జనమంతా నా వంకే చూశారు. నిజంగానే ఆ నిమిషంలో నాకు తల తిరిగిపోయింది. గడప దాటి వచ్చి, పాత మంత్రం చదివేశాను. రాక్షస వేషంలో ఉన్న మన సూర్యారావు, పాపం, ఏం చెయ్యాలో తోచక అలవాటుగా కింద పడిపోయాడు. (నవ్వులు) నువ్వు పడిపోబట్టే ఆ పూట నా పరువు దక్కింది, సూర్యారావూ.

తెర దించాక నన్నెవరూ తిట్టలేదు. ఎవరూ పలకరించనూ లేదు. తరువాత విన్నది రిక్షా మైకే. ఇంత గౌరవంగా కూడా మనిషిని బయటికి పంపొచ్చునని నాకిన్నాళ్లూ తెలియదు, అధ్యక్షా.

ఇక నా చోట వెయ్యబోతున్న గౌరితో ఒక్కమాట. తల దించుకోకమ్మా, నీ తప్పేం లేదు. వడ్డించడం నీకు వాళ్లు నేర్పుతారు. రేపు మా ఇంటికి రా, మంత్రం నేను నేర్పుతాను. ఎప్పుడు చదవాలో నీకే తెలుస్తుంది.

శాలువాకి కృతజ్ఞతలు. నేను అడగని సెలవు మీరే ఇచ్చారు, తీసుకుంటున్నాను. సెలవు.