ఫోను తెరలో చికిత్స గది: శ్రీమతి సూర్యకళ గారి ముప్పై మూడేళ్ల సేవ

1992 జులై ఆరో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు శ్రీమతి సూర్యకళ గారు రాజమండ్రిలోని మన ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. చేరిన రోజున ఆవిడకు గది లేదు, కుర్చీ లేదు, రోగులు అసలే లేరు. "పిచ్చి డాక్టరమ్మ వచ్చిందట" అన్న కబురు మాత్రం మధ్యాహ్నానికల్లా క్యాంటీను నుంచి ఆసుపత్రి అంతా పాకింది. ఎక్స్‌రే ఫిల్ములు దాచే గదిలో ఓ మూల బల్ల వేయించుకుని ఆవిడ ఏడు రోజులు ఓపిగ్గా కూర్చున్నారు. ఎనిమిదో రోజున మొదటి రోగి వచ్చాడు. కబురు పాకించిన క్యాంటీను వంటాయనే!

1996 నవంబరు తుఫాను తర్వాత ఆవిడ మూడు నెలల పాటు కోనసీమ తీరంలోని ఊళ్లు తిరిగారు. కొబ్బరాకు కదిలినా ఉలిక్కిపడి పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తే తల్లులను అక్కడే చూశారు. ప్రమాదం ఒక్క రోజులో ముగిసినా, దాని భయం మనిషి ఒంట్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటుందని గ్రహించి, దానికి చేసే చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చారు. జరిగినదాన్ని మొదటి నుంచి చివరి దాకా, భద్రంగా, ఒక మనిషి తోడుండగా చెప్పించడం ఆ చికిత్సకు ప్రాణం. ఆ తర్వాత పాతికేళ్లు మన విభాగానికి ఆవిడే పెద్ద దిక్కయ్యారు.

2020లో లాక్‌డౌన్ వచ్చి రోగుల రాకపోకలు ఆగిపోయినప్పుడు, వీడియో కాల్‌లో చికిత్స కొనసాగిస్తామని ప్రతిపాదించినవారూ సూర్యకళ గారే. విభాగాధిపతి డాక్టరు జగన్నాథరావు గారు వెంటనే ఒప్పుకోలేదు.

"ఎదురుగా కూర్చోబెట్టుకుంటేనే కష్టం. ఫోనులో ఏడిస్తే ఏం చేస్తారండి?"

"ఏడుపు అయ్యేదాకా ఆగుతానండి సార్."

"మధ్యలో సిగ్నల్ పోతే?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఆవిడ మరుసటి రోజు ఒక కొత్త నోటుపుస్తకంతో వచ్చారు. ప్రతి కాల్ మొదట్లో రోగి ఎక్కడ కూర్చున్నారు, తలుపు వేసి ఉందా, నిమిషంలో పక్కకు చేరగల మనిషెవరు, వారి ఫోను నంబరెంత అన్నవి రాసుకున్నాకే మాట మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం విలువ 2023లో తెలిసింది.

ఆ విలువ తెలిపిన సంఘటనను సంబంధించినవారి అనుమతితో, పేర్లు మార్చి ఇక్కడ రాస్తున్నాం.

తణుకు దగ్గర పల్లెకు చెందిన సాయిప్రసన్న బట్టల షాపులో సేల్స్‌గర్ల్. రోజూ స్నేహితురాలు సుభాషిణితో కలిసి షేర్ ఆటోలో పనికి వెళ్లేది. ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఎదురుగా వచ్చిన చెరుకు ట్రాక్టరును తప్పించబోయి ఆ ఆటో కాలవలో పడింది. సాయిప్రసన్న బతికింది. సుభాషిణి బతకలేదు. ఆనాటి నుంచి సాయిప్రసన్న ఆటో ఎక్కలేదు, బస్సు ఎక్కలేదు, తల మీద చెంబుడు నీళ్లు కూడా పోసుకోలేకపోయింది. ఊరు దాటాలంటే ఆ కాలవ గట్టే దారి కాబట్టి, ఆమె ఆసుపత్రికి రాలేదు. ఆసుపత్రే ఆమె దగ్గరకు వెళ్లాలి.

మొదటి బుధవారం కాల్‌లో సూర్యకళ గారు అలవాటు ప్రకారం అడిగారు.

"గదిలో ఒక్కదానివే ఉన్నావా అమ్మా?"

"ఆయ్, ఒక్కదాన్నేనండి."

కానీ జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ఆ పిల్ల కళ్లు ఎడమవైపు వెళ్లి వస్తున్నాయి. సూర్యకళ గారికి అనుమానం వచ్చింది. ఆవిడ అడిగేలోపే తెర నిండా ఒక స్టీలు గ్లాసు ప్రత్యక్షమైంది.

"కాఫీ తీసుకోండి డాక్టరు గారూ!"

ఆ చెయ్యి సాయిప్రసన్న అత్తగారు రత్నమాణిక్యం గారిది. ఆవిడ వెనక ఇద్దరు ఇరుగుపొరుగువారు. ఫోనును కుర్చీలో నిలబెట్టి, దానివైపు ఫ్యాను కూడా తిప్పారట.

"ఫోనులో ఎలా తాగుతానండీ?"

"అది మాకూ తెలుసండి. ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వకపోతే ఎలాగండి?"

ఇంకొకరైతే విసుక్కునేవారు. సూర్యకళ గారు ఉద్యోగం ఇచ్చారు.

"రత్నమాణిక్యం గారూ, ప్రతి బుధవారం పదకొండు నుంచి ముప్పావు గంట ఈ తలుపు బయట మీరు కాపలా ఉండాలి. లోపలికి ఎవరినీ రానివ్వకూడదు."

"మా అబ్బాయినండీ?"

"మీ అబ్బాయిని కూడా."

"మిమ్మల్నండీ?"

"నన్ను కూడా!"

ఎనిమిది బుధవారాలు గడిచాయి. సాయిప్రసన్న ఆటో ఎక్కిన దగ్గర్నుంచి చెప్పేది, నీళ్లు లోపలికి రావడం చెప్పేది, సుభాషిణి చెయ్యి పట్టుకోవడం చెప్పేది, అక్కడ ఆగిపోయేది. ఆ తర్వాతి మాట ఆమె నోరు దాటేది కాదు. తన ప్రాణం కోసం స్నేహితురాలి చెయ్యి తానే వదిలేశానని ఆమె నమ్మకం. ఆ నమ్మకం కదలనంత కాలం ఆమె ఆ కాలవలోనే ఉంటుందని సూర్యకళ గారికి తెలుసు.

తొమ్మిదో బుధవారం అటు జోరున వాన. సమయం పదకొండున్నర.

"సుభా చెయ్యి పట్టుకున్నానండి. గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు..."

తెర బిగుసుకుపోయింది. మాట ఆగిపోయింది. కాల్ కట్టయింది.

సూర్యకళ గారు ఆమె నంబరుకు చేశారు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశారు. మోగింది, ఎత్తలేదు. నోటుపుస్తకం తీసి రత్నమాణిక్యం గారి నంబరు నొక్కారు.

"మీరు వెంటనే లోపలికి వెళ్లండి!"

"అమ్మో, వెళ్లనండి. ఇంకా పావుగంట ఉంది."

"నేనే చెబుతున్నానండీ, సూర్యకళని."

"మీరొచ్చినా రానివ్వద్దన్నది మీరే కదండీ!"

"ఫోను కట్టయిందండీ. అమ్మాయి కాలవలో ఒక్కతే ఉంది."

అవతల పీట దొర్లిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. సాయిప్రసన్న మంచం పక్కన ముడుచుకుని, చున్నీ నోట్లో కుక్కుకుని వణికిపోతోంది.

"స్పీకరు పెట్టండి. ఏమీ అడక్కండి. చెయ్యి ఇవ్వండి చాలు" అన్నారు సూర్యకళ గారు. "అమ్మా ప్రసన్నా, రెండు కాళ్లూ గచ్చు మీద ఆనించు. చల్లగా ఉందా?"

పాదాలు జరిపిన చప్పుడు వెనకే "ఆయ్" అని వినిపించింది.

"మీ అత్తయ్య చేతికి గాజులెన్నున్నాయి? లెక్కపెట్టి చెప్పు."

"ఏడు... ఏడండి."

ఊపిరి నెమ్మదించింది. సూర్యకళ గారు తొందరపెట్టలేదు. "ఇవాళ్టికి ఇక్కడితో ఆపేద్దామా? నీ ఇష్టమమ్మా" అన్నారు.

"చెబుతానండి. అత్తయ్యా, నువ్విక్కడే ఉండు."

ఆ రోజు మొదటిసారి ఆమె మాట ఆ చోటు దాటింది. "చెయ్యి పట్టుకున్నాను. ఎవరో పైనుంచి నా జుట్టు పట్టి లాగారండి. రానని తన్నుకున్నాను. సుభా చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాను... నేను వదల్లేదండి. అత్తయ్యా, నేను వదల్లేదు. నన్ను లాగేశారు."

వాన చప్పుడులోంచి రత్నమాణిక్యం గారి గొంతు మెల్లగా అడిగింది.

"డాక్టరు గారూ, ఇప్పుడు నేను ఏడవచ్చాండీ?"

"ఏడవండి. ఇంకా ఐదు నిమిషాలు టైముంది."

ఇటు సూర్యకళ గారు కూడా ఆ ఐదు నిమిషాలూ వాడుకున్నారని, ఆ తర్వాత గదిలోకి వెళ్లిన జగన్నాథరావు గారు చెబుతారు. ఆయన మళ్లీ ఎప్పుడూ సిగ్నల్ సంగతి అడగలేదు. ఆ నోటుపుస్తకంలోని నియమాన్ని విభాగమంతటికీ తప్పనిసరి చేశారు.

ఆ తర్వాత చెంబుడు నీళ్లతో మొదలై, కాలవ గట్టు మీద పది అడుగులు, వంద అడుగులు, ఆటోలో ఒక స్టాపు, రెండు స్టాపులు. ప్రతి అడుగులోనూ చేతిలో ఫోను, ఫోనులో సూర్యకళ గారు.

మరుసటి ఏడాది మార్చిలో ఒక ఉదయం ఓపీ వరండాలో పొడవాటి అమ్మాయి ఒకతె సూర్యకళ గారికి అడ్డంగా నిలబడింది.

"గుర్తుపట్టలేదాండీ?"

ముఖం కంటే ముందు గొంతు గుర్తొచ్చింది. "ప్రసన్నా! ఇంత పొడుగా నువ్వు?"

"మీరేంటండీ, ఇంత పొట్టిగా ఉన్నారు! మా అత్తయ్యకి చెబితే నమ్మదు."

ఏడాదిగా ఒకరికొకరు ముఖం మాత్రమే చూసుకున్న ఆ ఇద్దరూ వరండా అంతా వినబడేలా నవ్వారు. నవ్వు ఆగాక సూర్యకళ గారు అడిగారు, ఎలా వచ్చావని.

"తణుకు దాకా షేర్ ఆటోలోనండి, అక్కణ్ణించి బస్సు. అంచు సీట్లోనే కూర్చున్నానండి. కాలవ వైపు."

ఈ నవంబరు ముప్పైన సూర్యకళ గారు పదవీ విరమణ చేస్తున్నారు. వీడియోలో చికిత్స పొందినవారు నాలుగు వందల పైచిలుకు. ఆ పని కొనసాగించడానికి ఇద్దరు యువ సైకాలజిస్టులను ఆవిడ స్వయంగా తీర్చిదిద్దారు. భర్త చంద్రరావు గారితో కలిసి, పిలిచినవారి ఊళ్లన్నీ తిరిగి రావాలన్నది ఇప్పటి సంకల్పం. ఇన్నాళ్లూ గోడ మీది క్యాలెండరు, కిటికీ మూల మాత్రమే కనిపించిన ఆ ఇళ్ల గుమ్మాలు ఎలా ఉంటాయో చూడాలట. జంగారెడ్డిగూడెం నుంచి కాకినాడ దాకా ఇప్పటికే ముప్పై ఊళ్ల పేర్లు రాసుకున్నారు.

ఆ ముప్పై ఊళ్లూ నడిచి చూడగల ఆరోగ్యాన్ని, ఇంటింటా పెట్టే భోజనం హాయిగా అరిగించుకునే శక్తిని, చుట్టి వచ్చాక మళ్లీ మొదటి ఊరి నుంచి బయలుదేరగలిగినంత దీర్ఘాయుష్షును భగవంతుడు శ్రీమతి సూర్యకళ గారికి ప్రసాదించాలని విభాగ సిబ్బంది అందరం మనసారా కోరుకుంటున్నాం.