ఆగమన్న యేసయ్య సార్

యేసయ్య సార్ సతీమణి శ్రీలత గారికి, కాలేజీ మిత్రులకు, అనంతగిరి నుంచి, హుజూర్‌నగర్ నుంచి పనులు విడిచి వచ్చిన రైతులకు నమస్కారం. మన కోదాడ జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి జువాలజీ చెప్పిన సార్ మొన్న గురువారం సూర్యాపేట దవాఖానలో గుండెపోటుతో కన్నుమూశారు. నేను ఫిజిక్స్ ధనుంజయ్‌ని. స్టాఫ్‌రూంలో ఆయన పక్క కుర్చీ నాది. బాధగా ఉంది.

మిత్రులారా, మా స్టాఫ్‌రూంలో టీ కప్పులు ఎందుకు మిగిలేవి కావో తెలుసా? సార్ కప్పుకొక పచ్చపురుగును పెంచేవారు. కలిపి పెడితే ఒకదాన్నొకటి తింటాయి. పురుగులకు మాత్రమే జబ్బు తెచ్చే వైరస్‌ను నానబెట్టిన శనగలకు పట్టించి వేసేవారు. జబ్బుతో చచ్చిన పురుగులను నూరి, వడగట్టి, ఆ ద్రావణాన్ని కంది చేలకు ఇచ్చేవారు. ముల్లును ముల్లుతోనే తీయాలనేవారు. టీ మాత్రం మేము బయట తాగేవాళ్లం.

2004లో అనంతగిరి ముత్తయ్య చేనుకు మొదటిసారి కొట్టించారు. వైరస్ ఎండకు చావకుండా అందులో బట్టలకు వేసే రాణీపాల్ కలుపుతుంటే, "చేనును ఉతుకుతున్నవా సారూ?" అని ముత్తయ్య నవ్వాడు. మూడో రోజుకు నవ్వు పోయింది. పురుగు ఇంకా కాయ తింటూనే ఉంది. ఇక ఘాటు పురుగుమందే కొడతానని డబ్బా పట్టుకుని కాలేజీకే వచ్చాడు. "పంట ఖతమైతే నా పిల్లలకు నువ్వు పెడ్తవా?" అని అరిచాడు. అరవడా మరి? ఆ ఏడు అతనికున్నదల్లా ఆ చేనే.

సార్ అన్నది ఒకటే. "జర ఆగు ముత్తయ్యా. తినేది పురుగే, గని పెరిగేది వైరస్. పొయ్యి పురుగుదే, బియ్యం పురుగుదే, వంట మాత్రం ఇంట్ల జొరబడ్డోనికి."

తర్వాత మాకు బోర్డు మీద గీసి చూపారు. వైరస్ చేరాక పురుగు కణంలో ప్రోటీన్ తయారీ ఆగదట. పురుగు ప్రోటీన్ తగ్గిపోతుంది, వైరస్ ప్రోటీన్ పెరిగిపోతుంది, చివరికి కణమే పగులుతుంది. వారం తిరగకముందే పురుగులు కంది కొసలకెక్కి తలకిందులుగా చచ్చి వేలాడాయి. ముత్తయ్య గంపెడు కాయలు తెచ్చి స్టాఫ్‌రూంలో పెట్టాడు. అప్పటినుంచి ఊళ్లో ఆయన "ఆగు సార్" అయ్యారు. ఆ పేరుకు ఆయన నవ్వేవారు, కోపం నాకొచ్చేది.

సార్ పోయేనాటికి ఈ ఏటి కందికి కావలసిన పురుగులు ల్యాబులో కప్పుల్లోనే ఉన్నాయి. శుక్రవారం సమాధి చేసి వచ్చాక, పాడైపోతాయేమో, ఇప్పుడే నూరేద్దామని మాలో కొందరు తొందరపడ్డారు. జబ్బు ముదిరి పురుగు చావకముందే నూరితే వైరస్ చాలదు, రైతుల పంట నిలవదు. తలుపుకు అడ్డంగా నిలబడ్డది ఎవరనుకున్నారు? ముత్తయ్య. కళ్లు తుడుచుకుంటూ, "ఆగుండ్రి. సార్ ఉంటే ఆగమనేటోడు" అన్నాడు.

ఆగాం. ఇవాళ పొద్దున నూరాం. ద్రావణం సిద్ధంగా ఉంది. రైతులు సభ అయ్యాక తీసుకెళ్లండి, సాయంత్రం పూటే కొట్టండి.

అందరినీ ఆగమన్న మనిషి తాను మాత్రం ఆగలేదు. బస్సులకు వేళవుతోందని నాకు తెలుసు. అయినా అందరం లేచి నిలబడదాం. మాట లేకుండా, ఒక్క నిమిషం, ఆయన కోసం ఆగుదాం.