గాలికంటే ముందు పడాల్సిన రెప్ప

అధ్యక్షులు డాక్టరు వీరభద్రం గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇవాళ కూడా ఆలస్యంగా వచ్చి వెనక నిలబడ్డ స్నేహితులకు మునిలక్ష్మి నమస్కారాలు. శాలువా బాగుంది సార్, కానీ ఈ ఎండల్లో కప్పారు. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఆసుపత్రిలో రెప్పల పరీక్ష చేసి ఇవాళ రిటైరవుతున్నాను. మేముండే హూడి పేటలో ఇరుగుపొరుగు నన్ను కళ్ల డాక్టరనుకుని అద్దాల నంబరు అడుగుతారు. కాదమ్మా, చెవిలో చిన్న శబ్దం వినిపించి, అర సెకను తర్వాత కంట్లోకి కాస్త గాలి ఊదుతాం, కొన్ని పదుల సార్లయ్యేసరికి శబ్దం వెంట గాలి వస్తుందని తల వెనకున్న చిన్నమెదడు నేర్చుకుని, మనం అనుకోకుండానే, గాలి రాకముందే సరిగ్గా వేళకు రెప్ప మూసేస్తుంది, సైకిలు తొక్కడం ఒంటికి పట్టించేదీ అదే, అది చెడిందేమో తేల్చేదే నా పరీక్ష, అని చెబితే, "అంతేనా" అని వెళ్లిపోతారు.

రోజూ మొదటి రోగి రాకముందు మిషన్‌ను నా కంటి మీదే సరిచూసుకోవడం నా అలవాటు. పోయిన నెల ఒక పొద్దున శబ్దం వచ్చింది, గాలి తగిలింది, ఆ తర్వాతే రెప్ప పడింది. మర్నాడూ అంతే. మిషన్ చెడిందని దాన్ని బాగుచేసే మస్తాన్‌ను పిలిచి, గొట్టం మార్పించి, మళ్లీ మార్పించి, నోటికొచ్చినట్టు తిట్టాను. మూడోసారి అతను మెల్లగా, "మిషన్ బాగానే ఉండాదక్కా. నువ్వే ఒకసారి చూపించుకో" అన్నాడు. ఒళ్లు మండి అతన్నే కుర్చీలో కూర్చోబెట్టాను. పరీక్ష సగం కాకముందే అతని రెప్ప గాలికంటే ముందు పడసాగింది. అదిగో, తల దించుకుని కూర్చున్నాడు. నీ తప్పేం లేదప్పా మస్తాన్, క్షమించు.



ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. వయసు వల్ల కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. కానీ ఈమధ్య మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటున్నాను. నాకు భయంగా ఉంది. ఉద్యోగం అయిపోయిందని కాదు, చిన్నమెదడు పాడైనవాళ్లు గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకోవడం ఇన్నేళ్లు దగ్గరనుంచి చూశాను కదా, అందుకు.

అన్నం పెట్టిన ఈ చోటుకు, నా నోటిని భరించిన మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. రేపు పదింటికి ఆ కుర్చీలో కూర్చోవడానికి చీటీ రాయించుకున్నాను. నళినీ, నా పని నీకే అప్పగించాను కాబట్టి పరీక్ష నువ్వే చెయ్యి. అయ్యాక మాత్రం నా వైపు చూసి నవ్వకు తల్లీ. ఫలితం బాగా లేనప్పుడల్లా "డాక్టరుగారు చెబుతారులే" అంటూ రోగుల వైపు నేను నవ్వింది అలాగే. ఇక సెలవు.