ఐలవ్వ ఒడిబియ్యం

ఐలవ్వ అని ఒకామె ఉండేదంట, వాగు అవతల రేగుచెలక అనే ఊర్ల. మొగడు చచ్చి శానా ఏండ్లాయె. ఉన్నదొక్కతే బిడ్డ, చంద్రవ్వ. ఆ పిల్లను వాగు ఇవతల ఊరికి ఇచ్చిన్రు. ఇవతల ఊరంటే ఏదో అనుకునేరు, ఇదే, మీరు కూసున్న మన ఊరే. చంద్రవ్వకు చంకల పసిపిల్ల. పెండ్లయిన బిడ్డ ఒడిల పుట్టింటోళ్ళు పోసే ఒడిబియ్యం పోసి శానా దినాలాయెనని ఐలవ్వ బియ్యం చెరిగి, పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, కొత్త గుడ్డల మూట గట్టి ఉట్టి మీద పెట్టుకున్నదంట. ఇయ్యాల పోత, రేపు పోత అనుకుంట ఉన్నది. ఆ మూటను యాదిల పెట్టుకోండ్రి, మళ్ళ దాని కాడికే వస్తా.

ఇగ రోగం సంగతి. అది ఏడ పుట్టిందంటే, ఎగువన మోదుగుగుట్ట కాడ. గుట్ట మీది ఇప్పచెట్లన్ని బొగ్గుల కోసం నరికిన్రంట. ఆ చెట్లకు గబ్బిలాలు ఏలాడేటియి. చెట్లు పాయె, అవి మాత్రం యాడికి పోతయి పాపం? వచ్చి ఈతవనంల పడ్డయి. చెట్టుకు కట్టిన లొట్టిల మూతి పెట్టి కల్లు తాగుడు, దాంట్లనే ఎంగిలి చేసి పోవుడు. పొద్దుగాల బీరయ్య అని గొర్లాయన, చెట్టు కిందనే నిలబడి ఆ కల్లు గటగట తాగిండు. నవ్వకుండ్రి, మీరేమన్న తక్కువనా? ఏమైందంటే, ఆయనకు జరం వచ్చింది. నెత్తి పలుగుతున్నదన్నడు, కన్నబిడ్డల్ని గుర్తువట్టలే, ఊపిరాడక పాణం పోయింది. అటెనక ఆయన తలకాయ ఒళ్ళె పెట్టుకున్న పెండ్లాం. అటెనక ఆ పెండ్లానికి నీళ్ళు తాపిన చెల్లె. పాయిరంగ దగ్గరికి తీసుకున్నోళ్ళనే ముందుగాల పట్టిందంట ఆ పాడు రోగం. వాంతులు బేదుల గత్తరంటే ఎరుకే, అమ్మ పోసుడంటే ఎరుకే, దీనికి పేరే లేదు.

పేరు లేనిదానికి మందేడ దొరుకుతది? అప్పట్ల ఏం జేసేటోళ్ళంటే, కట్టెతోటి అమ్మతల్లిని చేసి, చిన్న బండి మీద కూసుండబెట్టి, డప్పులు కొట్టుకుంట గుంజుకపోయి పక్క ఊరి పొలిమేరల ఇడిసి వచ్చేటోళ్ళు. అమ్మ తోటి రోగం గూడ పాయెనని. మరి పక్క ఊరోళ్ళు ఊకుంటరా? వాళ్ళు గూడ మొక్కి, యాటను గోసి, అందరు కలిసి తిని, అవతలి ఊరికి దాటిచ్చేటోళ్ళు. గట్ల ఆ బండి వాగెంట ఊరూరు దిగుకుంట వస్తున్నది. బండి ఏ ఊరికి వస్తే ఆ ఊర్ల జరం. అమ్మ కోపమనుకున్నరు గని, బండి గుంజినోళ్ళ ఒంట్లనే వస్తున్నదని ఎవలకు తోస్తది? నాకు ఇప్పుడు తోస్తున్నది గని, అప్పుడుంటే నేను గూడ ఒక చెయ్యి ఏసి గుంజుతుంటి.

అట్లట్ల వచ్చి బండి రేగుచెలక చేరింది. జరాలు మొదలైనయి. ఇంక వాగు దాటిచ్చుడే అన్నడంట ఆ ఊరి పటేలు. దాటితే మన ఊరే. డప్పులు మోగుతున్నయి, బండి కదిలింది. ఐలవ్వ ఉరికొచ్చి బండికి అడ్డం కూసున్నది. లెవ్వు అంటే లెవ్వదు, అవతల నా బిడ్డ ఉన్నది, నా మీదికెల్లి తోలుకపోండ్రి అంటది. పటేలు ఊకుంటడా, ఒక్క నీ బిడ్డ కోసం ఊరంత చావాల్నా అన్నడు. అది గూడ నాయమే, ఆయనకు ఆయన ఊరు. గప్పుడు ఐలవ్వ, "అవతల ఉన్నోళ్ళు ఎవలో ఒకల బిడ్డలే గదా పటేలా," అని లేచి, పటేలు దిక్కు మళ్ళ చూడలేదంట. అమ్మ దిక్కు తిరిగింది. "తల్లీ, నిన్ను ఊరూరు తిప్పి ఇడిసిపెడుతున్నరు. ఒక్కలన్న ఉండుమన్నరా? ఊరి బయట నా చేనుంది, ఆ చెలకల ఉండు. నీ బండి తాడు పట్టినోళ్ళు నీ కాడనే ఉంటరు. అందరికి నేను వండిపెడుత." తాడు పట్టినోళ్ళకు అప్పటికే ఒళ్ళు కాలుతున్నది, ఆడనే కూలవడ్డరు. అమ్మను ఉండుమన్నంక కాదనే దమ్ము పటేలుకు యాడిది?

ఇగ చెలకల గుడిసెలు ఏసిన్రు. ఊర్ల ఎవలకు జరం వచ్చినా ఆడికే. అమ్మ కాడికి ఎవలు రావద్దని ఐలవ్వ గట్టిగ చెప్పింది. ఊరోళ్ళు కూడు తెచ్చి బండరాయి మీద పెట్టి, కేకేసి ఎనకకు పోతే, అప్పుడు పోయి తెచ్చుకునేది. ఆమెకేదో తెలిసి చేసిందనుకోకుండ్రి. ఏం తెలవదు. బిడ్డ మీదికి పంపబుద్ధి కాలేదు, గంతే. ఇవతల మన ఊరోళ్ళు, మొన్న కరోనాల మీరు బాటకు కంప కొట్టిన్రు గదా, గట్లనే ఒడ్డుకు కంప కొట్టి కట్టెలు పట్టుకొని నిలవడ్డరంట. బండి రాదని తెలిసినంక ఆ కట్టెలు కిందవడేసి ఆడోళ్ళు మొగోళ్ళు ఏడ్చిన్రంట. చంద్రవ్వ ఒడ్డుకు వచ్చి పిల్లను రెండు చేతులతోటి పైకెత్తి చూపెట్టేది. ఐలవ్వ ఆ గట్టు మీదికెల్లి చూసి, పో, దగ్గరికి రాకు అని చెయ్యూపేది. ఆనాడు ఆ తల్లి పాణం ఎట్ల కొట్టుకున్నదో నాకు ఇప్పటికి చెప్పరాదు.

వానలు వట్టినయి, వాగు నిండింది. రేగుచెలక ఊర్ల గూడ జరాలు ఎక్కువాయె, కూడు తెచ్చేటోళ్ళు లేకపాయె. కండ్ల ముంగట మనుషులు ఆకలికి మూలుగుతున్నరు. ఐలవ్వ తనే ఇంటికి పోయి ఉట్టి మీది ఒడిబియ్యం మూట తెచ్చి, ఇప్పి, గంజి కాసింది. పచ్చటి పసుపు గంజి. శానామంది పోయిన్రు, వాళ్ళకు మన్ను ఆమెనే ఏసింది. ఆమెకు గూడ వచ్చి తగ్గింది. ఆ గంజి తాగి లేచినోళ్ళు గూడ ఉన్నరు. కొన్నాళ్ళకు కొత్త జరం ఎవలకు రాలేదు. బండి ఆడనే చెదలు వట్టింది.

వాగు తగ్గినంక ఐలవ్వ ఇవతలికి వచ్చింది. రెండు చేతులు ఖాళీ. బిడ్డ ఇంటి గడప తొక్కడానికి సిగ్గువడి, ఒట్టి చేతులతోటి వచ్చిన బిడ్డా, నీ ఒడిబియ్యం గంజికి పాయె అని ఆకిట్లనే నిలవడి ఏడ్చిందంట. చంద్రవ్వ అత్త రాజవ్వ, ఒడిబియ్యం తేలేదని అంతకుముందు సణిగిన మనిషే, లోపలికి పోయి చాటల పసుపు బియ్యం తెచ్చింది. ఊరి ఆడోళ్ళందరు తలా దోసెడు పట్టుకొని వచ్చిన్రు. మొగడున్నోళ్ళకే పోసేది గదా, నేను మొగడు లేనిదాన్ని, నాకెట్ల పోస్తరమ్మా అని ఐలవ్వ ఎనకకు జరిగింది.

"వదినా, నీ బిడ్డ బియ్యం గంజి తాగి ఆ ఊరోళ్ళు బతికిన్రు, నువ్వు అడ్డం కూసుంటె మేము బతికినం," అన్నదంట రాజవ్వ. "నీకు గాక ఎవలకు పోస్తం? ఒడి పట్టు."

పట్టింది. కొంగు బరువుకు వంగిపోయేదాక పోసిన్రంట.

గప్పటి సంది మన ఊర్ల ఒడిబియ్యం పోస్తే మొగడున్నదా లేదా అని చూడరు. అందరికి పోస్తరు, మొదటి దోసెడు ఐలవ్వ పేరున తీస్తరు. ఇదేం ఆచారమని పక్క ఊర్లోళ్ళు మనల్ని చూసి నవ్వుతరు. నవ్వనియ్యి. ఆ బండి వాగు దాటుంటే, నవ్విచ్చుకునేటందుకు మనం ఉంటుంటిమా?